కరుణామూర్తి డేమియన్

వ్యాధిగ్రస్తుని చూడగానే అతడు చేసిన పాపమేమిటా అని వెదకడం మానవజాతికి అనాదిగా అలవడిన గుణం. కుష్ఠువ్యాధి విషయంలో ఈ గుణం మరీ కఠినంగా వ్యక్తమయింది. మన పురాణాలలో శ్రీకృష్ణుని కుమారుడైన సాంబుడు శాపవశాన ఈ వ్యాధికి గురై, సూర్యుని ఆరాధించి స్వస్థుడయ్యాడు. సూర్యశతక కర్త మయూరుని గురించి ప్రచారంలో ఉన్న కథ కూడా ఇటువంటిదే. శాపమంటే దాని వెనుక ఒక అపరాధం ఉన్నదనే గదా అర్థం! మన పల్లెలలో ఈ వ్యాధి పేరు ఉచ్చరించడానికే జంకి ‘పెద్దరోగం’ అనేవారు. ఐరోపా ఖండంలోనూ పరిస్థితి ఇంతకన్న మెరుగుగా లేదు. మధ్యయుగాలలో కొన్ని ప్రాంతాలలో కుష్ఠురోగిని ఊరి వెలుపలికి పంపే ముందు, అతడు బ్రతికి ఉండగానే, మృతులకు చేసే ప్రార్థనల వంటివి జరిపి సాగనంపేవారు.

క్రైస్తవ సువార్తలలో ఇందుకు భిన్నమైన ఘట్టం ఒకటి ఉన్నది. పుట్టుగుడ్డియైన ఒకనిని చూచి, ఈ అంధత్వం అతని పాపఫలమా, తల్లిదండ్రుల పాపఫలమా అని శిష్యులు ప్రశ్నిస్తారు. యేసు ఆ రెండింటినీ కాదని, అతనికి చూపును ప్రసాదిస్తాడు. ఈ ఘట్టాన్ని చదివినవారు, బోధించినవారు అసంఖ్యాకులు. దీనిని దాదాపు పదహారు సంవత్సరాలపాటు ఒక సముద్రతీరాన ఆచరించి చూపినవారిలో ఫాదర్ డేమియన్ అగ్రగణ్యుడు.

డేమియన్ అసలు పేరు జోసెఫ్ డి వ్యూస్టర్. 1840 జనవరి 3వ తేదీన బెల్జియం దేశంలోని ట్రెమెలో గ్రామంలో జన్మించాడు. తండ్రి వ్యవసాయంతోపాటు ధాన్యవ్యాపారం చేసేవాడు. ఇంట్లో దైవభక్తి మెండు. అక్కలలో ఇద్దరు సన్యాసినులయ్యారు. అన్న ఆగస్టు, పాంఫిల్ అనే పేరుతో లూవెన్ నగరంలో ఒక మఠంలో చేరాడు. బలిష్ఠమైన శరీరం, ఓపికగా పనిచేసే చేతులు గల జోసెఫ్ తన వ్యాపారాన్ని చేపడతాడని తండ్రి ఆశించాడు. కాని జోసెఫ్ 1859లో అన్న ఉన్న మఠంలోనే చేరి డేమియన్ అనే పేరు స్వీకరించాడు.

చదువు అంతంతమాత్రం కావడంచేత ఆయన పురోహిత పదవికి తగడని పెద్దలు భావించారు. లాటిన్ భాష రానివాడు నాడు ఫాదర్ కావడం అసాధ్యం. డేమియన్ నిరుత్సాహపడక, అన్న వద్ద కొద్దికొద్దిగా లాటిన్ అభ్యసించి పెద్దల మనసు మార్చాడు. 1860లో సన్యాస వ్రతం స్వీకరించిన నాడు, ఆ మఠ సంప్రదాయం ప్రకారం, ఆయనపై శవాలకు కప్పే నల్లని వస్త్రం కప్పారు. లోకానికి మరణించి దైవసేవకై పుట్టడమే ఆ తంతులోని ఆంతర్యం. ఆ వస్త్రాన్ని ఆయన జీవితాంతం మరువలేదు.

1863లో హవాయి దీవులకు వెళ్ళవలసినవాడు పాంఫిల్. ప్రయాణానికి ముందు ఆయనకు విషజ్వరం సోకింది. అన్న స్థానంలో తనను పంపవలసిందని డేమియన్ తన మఠాధిపతిని సంప్రదించకుండా నేరుగా ప్యారిస్‌లోని అధిపతికే లేఖ వ్రాశాడు. అనుమతి వచ్చింది. ఈ తొందరపాటు, ఈ పట్టుదల ఆయన స్వభావంలో చివరిదాకా నిలిచినవి. ఆయన చేసిన మేలులో సగం ఈ గుణంవల్లనే జరిగింది. ఆయన పడిన నిందలలో సగం కూడా దీనివల్లనే వచ్చాయి.

నెలల తరబడి సాగిన సముద్రయానం తరువాత 1864 మార్చి 19న ఆయన హొనొలులు రేవులో దిగాడు. మే 21న అక్కడి ప్రధాన దేవాలయంలో ఫాదరుగా అభిషిక్తుడయ్యాడు. అటుపిమ్మట తొమ్మిదేండ్లు హవాయి అనే పెద్ద దీవిలో కొండలు, లోయలు దాటుతూ, తన చేతులతోనే చిన్నచిన్న ప్రార్థనాలయాలు కడుతూ, స్థానికుల భాష నేర్చి వారిలో ఒకడుగా మెలిగాడు.

అప్పటికి హవాయి ప్రజల దుస్థితి వర్ణనాతీతం. 1778 తరువాత విదేశీ నౌకలతోపాటు వచ్చిన అంటురోగాలు ఆ జాతిని తుడిచిపెట్టసాగినవి. వాటిలో కుష్ఠు కూడా చేరింది. 1865లో ఐదవ కమేహమేహ రాజు పాలనలో ఒక చట్టం వచ్చింది. రోగులను పట్టి మొలొకాయ్ ద్వీపం ఉత్తరతీరంలో ఉన్న కలావుపాపా అనే నేలకు పంపాలన్నది ఆ చట్టం. మూడువైపుల సముద్రం, నాలుగవవైపు ఆకాశాన్నంటే నిట్టనిలువు కొండగోడ. కాపలాదారు అక్కరలేని చెర అది. 1866 జనవరిలో మొదటి జట్టు అక్కడ దిగింది. చట్టం తొలగిన 1969వ సంవత్సరంనాటికి సుమారు ఎనిమిది వేలమంది అక్కడికి బహిష్కృతులయ్యారు.

హవాయి ప్రజలు తమ భాషలో ఈ వ్యాధికి పెట్టుకున్న పేర్లలో ఒకదానికి ‘వేరుచేసే రోగం’ అని అర్థం. వారిని భయపెట్టినది పుండ్లు కాదు, ఎడబాటు. అందుకే ఆరోగ్యవంతులైన భార్యలు, భర్తలు, తల్లులు తమవారి వెంట ఆ చెరకు తామూ వెళ్ళేవారు. అటువంటి సహాయకులను ‘కోకువా’ అనేవారు. డేమియన్ కన్న ముందే, పేరూ ఊరూ చరిత్రకెక్కకుండా, ఆ తీరాన సేవచేసినవారు వీరు. ఈ విషయాన్ని ఆయన జీవితచరిత్రలు వ్రాసినవారిలో కొందరు విస్మరించారు.

ఆనాటి వైద్యులలో కొందరు కుష్ఠును సుఖవ్యాధుల ముదిరిన రూపంగా పరిగణించేవారు. కనుక రోగి కేవలం రోగి కాదు, లోకం దృష్టిలో నీతి తప్పినవాడు. నార్వే దేశీయుడైన హాన్సెన్ ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మక్రిమిని కనుగొన్నది 1873లో. డేమియన్ మొలొకాయ్ చేరినది కూడా ఆ ఏడాదిలోనే. ఒకరు సూక్ష్మదర్శినితోను, మరొకరు గుడ్డపీలికలు, మందుడబ్బాతోను ఒకే అపోహను ఎదుర్కొన్నారు. ఒకరి సంగతి మరొకరికి తెలియదు.

ఆ సంవత్సరం మావీ దీవిలో ఒక దేవాలయ ప్రతిష్ఠకు ఫాదరులందరూ కూడారు. మొలొకాయ్ రోగుల వద్ద ఫాదరెవరూ లేరన్న వేదనను బిషప్ మెగ్రే వారి ముందుంచాడు. ఎవరినీ ఆజ్ఞాపించి పంపడానికి ఆయనకు మనసొప్పలేదు. నలుగురు ముందుకు వచ్చారు. వంతులవారీగా వెళ్ళి రావాలని నిర్ణయమయింది. తొలి వంతు డేమియన్‌ది. 1873 మే 10న ఆయన ఆ తీరాన దిగాడు. రెండవ వంతు రానేలేదు. అక్కడే ఉండిపోవడానికి అనుమతి కోరుతూ, వ్రతం నాడు తనపై కప్పిన ఆ నల్లని వస్త్రాన్ని ఆయన తలచుకున్నాడు.

కలావావో పల్లెలో సెయింట్ ఫిలోమినా పేర ఒక చిన్న ప్రార్థనాలయం అప్పటికే ఉన్నది. ఫాదరుకు ఇల్లు లేదు. మన మొగలి జాతికి చెందిన ఒక చెట్టు కింద ఆయన తొలి దినాలలో నిద్రించాడు. చుట్టూ గడ్డితో కప్పిన గుడిసెలు. వాటిలో చాపలపై వ్రణాలతో పడి ఉన్న మనుషులు. గుడిసెల్లోని దుర్గంధం భరింపరాక ఆయన తరచు తలుపు దాటి బయటికి వచ్చి గాలి పీల్చుకునేవాడు. ఆ వాసన బట్టలకు అంటకుండా పొగగొట్టం కాల్చడం అలవాటు చేసుకున్నాడు. ఈ సంగతులు ఆయనే లేఖలలో దాచకుండా వ్రాశాడు. ఏవగింపు కలగనివాడు సేవచేయడంలో విశేషమేమున్నది? ఆయనకు కలిగింది. కలిగినా మళ్ళీ లోపలికి వెళ్ళాడు.

ఇక ఆయన చేసిన పనులు వర్ణించాలంటే ఒక వడ్రంగి దినచర్య వ్రాయవలసి ఉంటుంది. శవపేటికలు చేశాడు, గోతులు త్రవ్వాడు. అంతకుముందు చనిపోయినవారిని సరిగా పాతిపెట్టే దిక్కు కూడా ఉండేది కాదు. గొట్టాలు తెప్పించి, ఊటనీరు పల్లెకు చేర్పించాడు. గుడిసెల స్థానంలో చెక్క ఇండ్లు నిలబెట్టాడు. అనాథ బాలబాలికలకు ఆశ్రయం కల్పించాడు. గాయకబృందాన్ని తయారుచేశాడు. చామదుంపలను ఉడికించి నూరిన ముద్ద హవాయి ప్రజల నిత్యాహారం. దానిని అందరూ ఒకే పాత్రలో వేళ్ళు ముంచి తింటారు. వారు పిలిస్తే ఆయనా ఆ పాత్ర చుట్టూ కూర్చునేవాడు. ఆయన వ్రణాలు కడిగిన రోగులలో ప్రొటెస్టెంట్లూ ఉన్నారు, ఏ మతమూ పట్టనివారూ ఉన్నారు. వచ్చిన కొద్ది నెలలకే, తన శరీరంలో రోగలక్షణమేదీ లేనప్పుడే, లేఖలలో తనను రోగులలో ఒకడుగా చెప్పుకోసాగాడు.

ఆ తొలి నెలలలోనే ప్రభుత్వం ఆయనను కూడా రోగులతోపాటు నిర్బంధించింది. బయటికి వెళ్ళడానికి వీలులేదు. ఒకనాడు మఠపెద్ద ఓడలో వచ్చాడు. ఓడ అధికారి ఆయనను దిగనివ్వలేదు, డేమియన్‌ను ఎక్కనివ్వలేదు. పాపనివేదన కతోలిక సంప్రదాయంలో గురుశిష్యుల మధ్య రహస్యంగా జరిగే కార్యం. డేమియన్ చిన్న పడవలో ఓడ పక్కన నిలిచి, పైనున్న గురువు చెవినబడేలా బిగ్గరగా తన దోషాలను చెప్పుకొన్నాడు. ఇతరుల పాపాలు వినవలసిన ఫాదరు, ఓడలోని వారందరి ముందు తన పాపాలు చాటుకున్న దృశ్యమది. కొన్నాళ్ళకు ఆ నిర్బంధాన్ని ప్రభుత్వం సడలించింది.

డేమియన్‌ను దోషరహితునిగా చిత్రించడం ఆయనకు న్యాయం చేయడం కాదు. ఆయన ముక్కోపి. ఎవరి మాటా త్వరగా వినడు. రోగులు ఒక మొక్క వేళ్ళనుండి సారా కాచి, తాగి తందనాలాడేవారు. డేమియన్ చేతికర్రతో వెళ్ళి కుండలు పగులగొట్టి వారిని చెదరగొట్టిన సందర్భాలున్నవి. అయితే 1886లో ఆరోగ్యశాఖకు వ్రాసిన నివేదికలో ఆయన ఆ తాగుడును, ఆ విచ్చలవిడితనాన్ని ఏ విధంగా వివరించాడో గమనించదగినది. ఇక్కడ చట్టమే లేదని కొత్తగా వచ్చినవారికి పాతవారు నూరిపోసే నిరాశను అందులో పేర్కొన్నాడు. భార్యను భర్తనుండి బలవంతంగా వేరుచేసినందువల్ల కలిగే అనర్థాలను ఎత్తిచూపాడు. కర్ర పట్టుకొని వెళ్ళిన మనిషే ఆ మనుషులను పతితులుగా చిత్రించడానికి ఒప్పుకోలేదు.

మరొక సంఘటన ఇంతకన్న ముఖ్యమైనది. లండన్ నగరంలో ఆంగ్లికన్ మతగురువు ఛాప్‌మన్ డేమియన్ సేవను గురించి విని, విరాళాలు పోగుచేసి పంపాడు. కతోలికుడు కానివాడు పంపిన ఆ ధనాన్ని డేమియన్ మొదట కతోలిక రోగులకు మాత్రమే పంచడానికి జాబితా తయారుచేశాడు. అది తగదని ఒకరు ఆయనతో సూటిగా, చాలాసేపు వాదించారు. డేమియన్ తన తప్పు పూర్తిగా అంగీకరించి జాబితాను మార్చాడు. దైవం పేరున దానం చేస్తున్నవానికే, అర్హులెవరని తీర్పు చెప్పే బుద్ధి ఎంత సులభంగా పుడుతుందో ఈ ఉదంతం చెబుతున్నది. దానిని దిద్దుకోవడం అంత సులభం కాదు. మొండివాడని పేరుపడ్డ మనిషికి మరీ కష్టం.

1884 డిసెంబరులో ఒకనాడు ఆయన సలసల కాగే నీటిలో కాలు పెట్టాడు. చర్మం బొబ్బలెక్కింది. నొప్పి మాత్రం తెలియలేదు. స్పర్శజ్ఞానం నశించడం ఆ వ్యాధి లక్షణమని ఆయనకు వేరే చెప్పనవసరం లేదు. వైద్యపరీక్షలో అది స్థిరపడింది. జాలి చూపవలసిన వేళ మఠంలోని పైవారిలో కొందరు ఆయనను చికాకుతో చూశారు. పత్రికలలో ఆయన పేరు మారుమ్రోగడం కీర్తికాంక్షగా వారికి తోచింది. సహాయంగా సన్యాసినులను, ఫాదరులను పంపమని పదేపదే అడగడం వారికి విసుగు కలిగించింది. ఈ నిరాదరణ రోగం కన్న ఎక్కువగా ఆయనను బాధించింది.

అయినా చివరి సంవత్సరాలలో తోడు దొరికింది. 1886లో జోసెఫ్ డటన్ అనే అమెరికన్ వచ్చాడు. అంతర్యుద్ధంలో సైనికుడు, వివాహం విఫలమై తాగుడుకు లోబడినవాడు, గతానికి ప్రాయశ్చిత్తంగా సేవ చేయగోరినవాడు. డేమియన్ అతనికి పని అప్పగించి సోదరుడని పిలిచాడు. వ్రతధారి కాని ఆ మనిషి లోకానికి బ్రదర్ డటన్ అయ్యాడు. నలభై నాలుగు సంవత్సరాలు సేవచేసి 1931లో మరణించాడు. 1888 నవంబరులో మదర్ మేరియాన్ కోప్ సన్యాసినులతో వచ్చి బాలికల పోషణ స్వీకరించింది. తన పిల్లల్ని ఎవరు చూస్తారన్న దిగులు తీరి, 1889 ఏప్రిల్ 15న డేమియన్ కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 49 సంవత్సరాలు. తొలి రాత్రులు తలదాచుకున్న ఆ మొగలి చెట్టు కిందనే ఆయనను సమాధి చేశారు.

మరణించిన నాలుగు నెలలలోనే ఆయనపై తీర్పు వెలువడింది. హొనొలులులోని ప్రొటెస్టెంట్ మతగురువు డాక్టర్ హైడ్ 1889 ఆగస్టులో ఒక మిత్రునికి ఉత్తరం వ్రాశాడు. డేమియన్ మురికివాడు, మొండివాడు, సంకుచిత స్వభావుడు అన్నాడు. అంతటితో ఆగక, స్త్రీల విషయంలో ఆయన శీలవంతుడు కాడని, రోగం ఆయన దుర్గుణాల ఫలితమని నిందించాడు. ఆ ఉత్తరం పత్రికలకెక్కింది. రోగమున్నచోట పాపం వెదికే ఆ పాత అలవాటు, రోగులకు సేవచేసినవానినీ విడువలేదు.

దీనికి సమాధానం చెప్పినవాడు ‘ట్రెజర్ ఐలాండ్’ రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్. ఆయన హైడ్ మతశాఖకు దగ్గరి సంప్రదాయంలోనే పుట్టి పెరిగినవాడు. డేమియన్ మరణించిన మరుసటి నెలలో ఆయన కలావుపాపాలో వారం రోజులు గడిపాడు. సన్యాసినుల వద్దనున్న బాలికలతో క్రోకే ఆట ఆడాడు. తరువాత వారికి ఒక పియానో పంపాడు. అక్కడ ఆయన డేమియన్‌ను మెచ్చినవారి మాటలకన్న, మెచ్చనివారి మాటలనే శ్రద్ధగా విని వ్రాసుకున్నాడు. 1890 ఫిబ్రవరిలో సిడ్నీ నగరంనుండి హైడ్‌కు బహిరంగ లేఖ ప్రకటించాడు. అందులోని వాదం ఆశ్చర్యకరమైనది. ఆయన డేమియన్ లోపాలను తిరస్కరించలేదు. మురికి నిజమే, మొండితనం నిజమే, జాబితా సంగతి నిజమే అని ఒప్పుకుంటూ, ఆ లోపాలన్నిటి మధ్యనే ఆయన చేసిన త్యాగాన్ని నిలబెట్టాడు. తామందరూ సుఖంగా ఇళ్ళలో ఉన్నవేళ ఆ తీరానికి వెళ్ళినవాడు ఈ మొరటు రైతుబిడ్డ ఒక్కడే గదా అన్నది ఆయన ప్రశ్నలోని సారం. శీలంపై నింద విషయంలో, ఒక తండ్రి తప్పటడుగు వేసినా దానిని కొడుకు ఊరంతా చాటడు గదా అని నిలదీశాడు. (జెకిల్, హైడ్ అనే రెండు ముఖాల మనిషి కథ వ్రాసినవాడు ఈ స్టీవెన్సనే. ఆ నవల 1886నాటిది. పేర్ల కలయిక కేవలం యాదృచ్ఛికం.)

లేఖ లోకప్రసిద్ధమయింది. హైడ్ పేరు నేటికీ ఆ లేఖతోనే ముడిపడి ఉన్నది. ఆయన హవాయి యువకులకు మతవిద్య నేర్పి బోధకులుగా తీర్చిదిద్దినవాడని, విద్యాసంస్థల కోసం శ్రమించినవాడని నేడు ఎందరికి తెలుసు? ఈ సంగతి స్టీవెన్సన్ మనసునూ కలచివేసి ఉండాలి. తన వాదాన్ని ఆయన వెనక్కి తీసుకోలేదు గాని, ఆ ఏడాదే ఒక వ్యక్తిగత లేఖలో, హైడ్ పట్ల తాను మితిమీరిన కాఠిన్యం చూపానని పశ్చాత్తాపపడ్డాడు.

రోమ్‌లోని కతోలిక పీఠం 1995లో డేమియన్‌ను ధన్యునిగాను, 2009 అక్టోబరు 11న పునీతునిగాను ప్రకటించింది. మదర్ మేరియాన్ 2012లో ఆ గౌరవం పొందింది. కలావుపాపా 1980 నుండి జాతీయ చారిత్రక ఉద్యానం. కుష్ఠు నేడు మందులతో పూర్తిగా నయమవుతున్నది.

డేమియన్ భౌతికకాయాన్ని 1936లో బెల్జియం ప్రభుత్వం కోరి తీసుకొనిపోయింది. తమ ఫాదరును తమ నేలనుండి తరలించడం ఆ తీరవాసులను ఎంతో నొప్పించింది. రాజు స్వయంగా ఎదురేగి ఆ పేటికకు స్వాగతం పలికాడు. అది లూవెన్ నగరంలో పునఃసమాధి పొందింది. 1995లో, వారి కోరికను మన్నించి, ఆయన కుడిచేతి అవశేషాలను మాత్రం తిరిగి పంపారు. కలావావోలో సెయింట్ ఫిలోమినా ప్రార్థనాలయం పక్కన, తొలుత ఆయనను పాతిపెట్టిన ఆ గోతిలోనే, వాటిని ఉంచారు.